మర్యాద ముద్ద

మా ముత్తాత పెద్ద ఓబుళరెడ్డి, ఆయన కొడుకు లింగారెడ్డి, లింగారెడ్డి కొడుకు చిన్న ఓబుళరెడ్డి మా నాయన. ఆళ్ళగడ్డకు ఆరేడు మైళ్ళ దూరంలో కుందూ ఒడ్డున మా ఊరు. పారువేట రోజుల్లో అహోబిలం స్వామి పల్లకి ఊరూరా తిరుగుతూ వచ్చినప్పుడు మా ఊళ్ళో మొదట దిగేది మా ఇంటి ముందరి అరుగు మీదే. పల్లకి వెంట వచ్చినవాళ్ళందరికీ ఆ పూట భోజనం మాదే. అన్నం వండే గంగాళాలను ఒక్కొక్కదాన్నీ నలుగురు మోసేవాళ్ళు. మా ఇంట్లో ఆకలితో తిరిగి వెళ్ళిన మనిషి లేడని తాలూకా అంతా చెప్పుకునేవాళ్ళు. ఇది గొప్పకు రాయడం లేదు. నిజం కాబట్టి రాస్తున్నాను. గొప్ప కూడా ఉంది, కాదనను.

ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. కంచంలో ఆఖరి ముద్ద తినకూడదు. పిల్లలైనా సరే, పెద్దలైనా సరే, ఒక ముద్ద మిగిల్చి లేవాలి. దాన్ని మర్యాద ముద్ద అనేవాళ్ళు. కంచం ఊడ్చుకుని తినడం ఆకలిగొన్నవాళ్ళు చేసే పని, మనం చేసేది కాదని మా జేజి, అంటే మా నాయనమ్మ, నాకు మూడేళ్ళ వయసులో నేర్పింది. 'ఆకలవుతోంది' అనే మాట మా ఇంట్లో పనివాళ్ళ పిల్లల నోట తప్ప నేను వినలేదు.

భూములు ఎలా పోయాయో ఇక్కడ రాయను. పోయాయి. నేను డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగానికి బయలుదేరిన రోజున మా నాయన వాకిట్లోకి రాలేదు. ఆళ్ళగడ్డలోనూ తర్వాత నంద్యాలలోనూ ఆడపిల్లల హాస్టళ్ళలో వార్డెన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఈ ఉద్యోగంలోకి వస్తున్న అమ్మాయిలు కొందరు నన్ను అడుగుతుంటారు, ఏం చూసుకోవాలి మేడం అని. కంచాలు చూడండి అంటాను. ఆ తర్వాత కంచాల్లో ఏం చూడాలో చెప్పబోయి ఆగిపోతాను. ఎందుకంటే ముప్పై ఏళ్ళు కంచాలు చూసిన నేను, ఒక పిల్ల ప్రాణం నా ముందరి కంచంలో తరిగిపోతుంటే చూడలేకపోయాను. చూడలేకపోవడం కాదు. చూసి మెచ్చుకున్నాను.

ఎంగిలి బకెట్

నా మొదటి పై అధికారి ఒకాయన ఉండేవాడు. తనిఖీకి వస్తే రిజిస్టర్లు ముట్టేవాడు కాదు. నేరుగా పెరట్లోకి పోయి, చేతులు కడిగే తొట్టి పక్కనున్న ఎంగిలి బకెట్ మూత తీసి లోపలికి తొంగిచూసేవాడు. బకెట్ ఖాళీగా ఉంటే హాస్టల్ బాగున్నట్టు. నిండితే వంటమనిషికీ నాకూ అక్కడే చీవాట్లు.

"పిల్లలు అబద్ధం చెప్తారమ్మా, బకెట్ చెప్పదు" అనేవాడు.

నేను ఆయన్ను చాలాకాలం గొప్ప అధికారి అనుకున్నాను. సగం నిజమే. కుళ్ళిన కూరగాయలు తెచ్చే కాంట్రాక్టర్లను ఆ బకెట్ చూసే పట్టుకున్నాడు. కానీ బకెట్ వంట గురించి మాత్రమే చెబుతుంది. తినే మనిషి గురించి ఏమీ చెప్పదు. ఈ సంగతి నాకు ముప్పై ఏళ్ళ సర్వీసు తర్వాత తెలిసింది, ఆయన రిటైరయిపోయాడు కాబట్టి చెప్పుకునే అవకాశం దొరకలేదు.

బకెట్‌తో పాటు నాకు నా సొంత కొలత కూడా ఒకటి ఉండేది. ఇది ఏ అధికారీ నేర్పలేదు. తొట్టి దగ్గర నిలబడి కంచాలు చూసేదాన్ని. ఊడ్చుకుని తిన్న కంచం కనిపిస్తే మనసులో ఏదో చిన్నచూపు. ఒక ముద్ద మిగిల్చిన కంచం కనిపిస్తే, ఈ పిల్ల మంచి ఇంటి నుంచి వచ్చింది అనుకునేదాన్ని. ప్రభుత్వం పెట్టే అన్నం తినే పిల్లల కంచాల్లో నేను మా ఇంటి మర్యాద వెతికానన్నమాట. పైకి ఎప్పుడూ అనలేదు. కానీ పిల్లలు పైకి అన్నవే వింటారని ఎవరు చెప్పారు?

ఇద్దరు పిల్లలు

ఆళ్ళగడ్డ హాస్టల్లో ఒకే ఏడాది ఇద్దరు పిల్లలు నా దృష్టిలో పడ్డారు. పేర్లు మార్చి రాస్తున్నాను.

రేణుకది అవుకు వైపు. తండ్రి రిజర్వాయరు కింద మిరప పండించే రైతు. పదో తరగతి. చదువులో ముందు. మెల్లగా మాట్లాడేది. అన్నాన్ని కంచంలో నాలుగు భాగాలు చేసి, చిన్న చిన్న ముద్దలు చేసి, ఒక్కొక్కటీ చాలాసేపు నమిలి తినేది. చివర ఎప్పుడూ కొంత మిగిల్చేది. శనివారం ఒక్కపొద్దు ఉండేది, నరసింహస్వామికి. దసరా సెలవుల తర్వాత మంగళవారం కూడా మొదలుపెట్టింది. సంక్రాంతి దాటేసరికి గురువారం కలిసింది. అందరికీ వడ్డించడానికి తనే ముందుకొచ్చేది. ఏ రోజు ఏం వండుతారో నాకంటే ముందే తెలుసుకునేది. వంటింట్లో నిలబడి వంటమనిషి సుంకమ్మను, "పొంగలికి నెయ్యి ఎంత పోస్తావ్ అవ్వా? గుడ్లెన్ని ఉడకేసినావ్?" అని అడుగుతుండేది.

నేను ఆమెను నలుగురిలో నిలబెట్టి, "చూసి నేర్చుకోండి. తిండి మీద యావ లేకుండా బతకడం అంటే ఇదీ" అన్నాను. ఒకసారి కాదు.

రెండో పిల్ల ఈరమ్మ. సున్నిపెంట అవతల నల్లమలలోని ఒక చెంచు గూడెం నుంచి వచ్చింది. ఎనిమిదో తరగతి. ఆదివారం కోడికూర రోజున మూడుసార్లు పెట్టించుకుని, వేళ్ళు నాకి, తేన్చి లేచేది. సోమవారం బెల్లు కొట్టినా వచ్చేది కాదు. ఎందుకు రాలేదని అడిగితే "ఆకలి గాలే" అనేది. మరోరోజు నాలుగింటికే వంటింటి గడప దగ్గర నిలబడి "అవ్వా, ఆకలైతాంది, ఏమన్నా ఉండాదా?" అనేది. ఆ మాట అంత పెద్దగా, అంత సిగ్గు లేకుండా ఎవరైనా అనడం నాకు కొత్త.

ఒక పూట మూడింతలు, ఒక పూట సున్న. వేళాపాళా లేదు. ఈ పిల్ల తిండిలో ఏదో తేడా ఉందని నేను డైరీలో రాసుకున్నాను. ఆళ్ళగడ్డలో డాక్టరుకు కూడా చూపించాను. ఆయన బరువు చూసి, కళ్ళు చూసి, "ఈ పిల్లకేం? రాయిలాగా ఉంది. ఎందుకు తెచ్చారు మేడం?" అన్నాడు. నాకు ఆయన మీద నమ్మకం కలగలేదు. రేణుకను తీసుకువెళ్ళాలని నాకు తోచనే లేదు.

ఒక్క సుంకమ్మ మాత్రం ఓ రోజు బొరుగుల ఉగ్గాని కలుపుతూ, నా వైపు చూడకుండానే అంది.

"ఆ రేణుక పాపను ఒగసారి సూడు మేడం. మార్చి నెల ఎండకు మనం సచ్చిపోతాంటే ఆ పిల్ల స్వెట్టరు ఏస్కోని తిరుగుతాంది."

"సిగ్గు గల పిల్ల. అంతే" అన్నాను.

"సిగ్గుకు సలి పుడుతుందా యాడన్నా?"

"నీ పని నువ్వు చూసుకో సుంకమ్మా."

"నా పని తిండి పెట్టేదే గదా మేడం, అందుకే సెప్తాండా" అని గరిటె గిన్నె అంచుకు కొట్టి ఊరుకుంది.  వంటమనిషి మాట వినడానికి నా మెడ వంగలేదు.

ట్రంకు పెట్టె

ఆ నెలలోనే గదుల్లో చీమలు పట్టాయి. వెతికితే ఈరమ్మ ట్రంకు పెట్టె దగ్గర తేలింది. పిల్లలందరి ముందూ తెరిపించాను. బట్టల కింద పాత లంగా గుడ్డలో కట్టి ఎండిపోయిన చపాతీలు, పల్లీ చిక్కీలు. చిన్న పోగు కాదు.

నేనేం మాట్లాడానో ఇక్కడ పూర్తిగా రాయలేను. "పెట్టింది చాలక దాచుకుంటావా" అన్నది అందులో కాస్త మెత్తని మాట. ఈరమ్మ తల దించలేదు, ఏడవలేదు. నా మొహం వైపే చూసింది. ఆ చూపును పొగరు అనుకున్నాను. రేణుక వెనక వరసలో నిలబడి ఉంది. ఆమె నేల చూస్తోంది.

ఈరమ్మ తండ్రి అంకన్నకు కబురు పంపాను. అంకన్న రెండు బస్సులు మారి, ఆత్మకూరు, నంద్యాల మీదుగా మధ్యాహ్నానికి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. నేను విషయం చెప్పాను. అలవాటు మానకపోతే సీటు ఉండదని కూడా చెప్పాను. ఆయన అంతా విని అన్నాడు.

"మా పిల్ల ఆకలైతే తింటాది మేడం, కడుపు నిండితే లేస్తాది. దాసుకునేది మాకు అలవాటు లేదు. దాసేంత యాడుండాది మాకు?" కూతురి వైపు తిరిగాడు. "ఏం పాపా? ఏందవి?"

"అవి నాయి గావు నాయనా."

"మరి ఎవురివి?"

"రేణుకక్కవి" అంది.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను.

"అక్క దినాము నాకిస్తాది. వద్దంటే ఏడుస్తాది. నేను తిన్నంత తింటా. కడుపు నిండినంక ఎట్ల తినేది? పారేసేకి మనసు రాలే. ఇంటికి పోయేటప్పుడు మేకలకు తీస్కపోదామని పెట్టినా."

"ఈ మాట ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"సెప్పొద్దని ఒట్టేయించుకున్యాది." తర్వాత నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అంది. "అక్క తినదని మీకు తెలుసు గదా మేడం? అందుకే గదా మెచ్చుకుంటాండారు?"

ఈ ముప్పై ఏళ్ళలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. పై అధికారులు కాగితం మీద అన్నారు, రాజకీయ నాయకులు ఫోన్లో అన్నారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఇదొక్కటే. అందులో నింద కూడా లేదు.

రేణుకను పిలిపించి స్వెట్టరు చేయి పైకి లాగాను. ఆ మణికట్టు నా రెండు వేళ్ళ మధ్య పట్టగా ఇంకా చోటు మిగిలింది. తూకం రోజున ఆమె నర్సును ఎలా ఏమార్చిందో తర్వాత తెలిసింది. అది ఇక్కడ రాయను. చదివేవాళ్ళలో పిల్లలు కూడా ఉండొచ్చు.

నంద్యాల డాక్టరమ్మ

నంద్యాలలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి ఆళ్ళగడ్డ డాక్టరే పంపించాడు. అవుకు నుంచి రేణుక తండ్రి కూడా వచ్చాడు. ఆయన దారంతా, "మొక్కు ఏదన్నా తప్పినామేమో మేడం, అహోబిలానికి తోలకపోయి గుళ్ళో నిద్ర సేయిస్తా" అంటున్నాడు. నేను కాదనలేకపోయాను. నాకూ ఆ మాటే కాస్త తెలిసిన దారిలా అనిపించింది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. రేణుకను ఎంత తింటున్నావని అడగలేదు. "శనివారం ఒక్కపొద్దు తప్పిపోయిందనుకో. జ్వరమొచ్చింది, డాక్టరు తినమన్నాడు, తిన్నావు. ఏమవుతుంది?" అని అడిగింది.

 ఆ ఊహకే రేణుకకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. "తినకూడదు... తింటే నేను పాడైపోతా" అంది. స్వామి పేరు ఎత్తలేదు. ఒక్కసారి కూడా.

డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పిలిచి చెప్పింది. ఇది భక్తి కాదు, పట్టుదలా కాదు, జబ్బు. గుండె దెబ్బతినే దాకా వచ్చింది. ఇంకొంత ఆలస్యమైతే తన దగ్గరికి తెచ్చేవరకు పిల్ల ఉండేది కాదు. వెంటనే చేర్చాలి.

"ఎందుకొచ్చిందమ్మా ఇది మా బిడ్డకు? తిండికి లోటు సేయలే నేను" అన్నాడు తండ్రి.

"ఒక్క కారణం ఉండదు పెద్దాయనా. మీ తప్పూ అనుకోవద్దు, ఆ పిల్ల తప్పూ అనుకోవద్దు. ఎవరు పెట్టిందో వెతకడం మాని, ఎట్ల తీయాలో చూద్దాం."

నేను తిన్నగా అడిగాను. మరి ఈరమ్మ సంగతేమిటి, ఒక పూట అంత, ఒక పూట ఏమీ లేదు, అది జబ్బు కాదా? ఆమె నవ్వింది. ఆకలైతే అడుగుతుంది, నిండితే ఆపుతుంది, కోడికూరంటే ఇష్టం, తిన్నాక ఆడుకోవడానికి పోతుంది, మళ్ళీ ఆకలయ్యే దాకా తిండి గుర్తే ఉండదు. "మీ హాస్టల్లో బాగా తినే పిల్ల ఎవరంటే నేను ఆ పిల్ల పేరే చెప్తా" అంది. నేను కోపం తెచ్చుకోకముందే ఇంకో ప్రశ్న వేసింది.

"మేడం, మీరు ఆకలవుతోందని ఎవరితోనైనా చివరిసారి ఎప్పుడు అన్నారు?"

మా వంశం పేరు చెప్పి వచ్చేద్దామనుకున్నాను. చెప్పలేదు.  

జేజి, అమ్మ

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. ఇక్కడ నాకు తెలిసినదానికంటే తెలియనిదే ఎక్కువ రాస్తున్నాను, మన్నించాలి.

మా జేజి నాకు తెలిసినంత కాలం రోజుకు ఒక్కపూటే తినింది. అందరూ తిన్నాక తినేది. మర్యాద ముద్ద మిగిల్చేది. రేణుక చేసినవన్నీ ఆమె చేసింది. అయితే ఆమెది జబ్బా? ఆలోచిస్తే ఒకటి గుర్తొస్తుంది. ఒక్కపొద్దు రోజున వేళ కాని వేళ ఎవరైనా చుట్టం వస్తే, ఒంటరిగా తినడానికి మొహమాటపడతారని జేజి కూడా ఆకు వేసుకుని పక్కన కూర్చుని తినేసేది. "స్వామికి రేపు సెప్పుకుంటాలే" అనేది. నవ్వేది. మరుసటి రోజు దాని గురించి ఆలోచించేది కాదు. తినే వేళ ఎంత తక్కువైనా ఆమె మాట తిండి చుట్టూ తిరిగేది కాదు. ఎనభై దాటాక కూడా గంగాళాల దగ్గర నిలబడి వంటవాళ్ళను అదిలించింది. కాబట్టి జబ్బు కాదు అనుకుంటాను.

మరి మా అమ్మ?

ఇల్లు కూలే కాలంలో మా అమ్మ కంచంలో అన్నమే తక్కువ. అందులోంచి కూడా ఆమె ఒక ముద్ద మిగిల్చేది. నేను పక్కన కూర్చునేదాన్ని, నా కంచంలోదీ తక్కువే, నేనూ మిగిల్చేదాన్ని. ఇద్దరం మిగిల్చిన ముద్దలు తీసుకుపోవడానికి అప్పటికి పనివాళ్ళు కూడా లేరు. అమ్మే లేచి రెండూ కాకులకు వేసేది. "సాలమ్మా, తిన్నాం గదా" అనేది. చివరి ఏళ్ళలో ఆమెకు నిజంగా ఆకలి తెలిసేదో లేదో నాకు తెలియదు. ఎముకల గూడైపోయింది. డాక్టరు రక్తం లేదన్నాడు. ఊళ్ళోవాళ్ళు దిగులు అన్నారు. మేము దాన్ని మర్యాద అన్నాం. అది పేదరికమా, పౌరుషమా, రేణుకకు వచ్చినదే ఆమెకూ వచ్చిందా? డాక్టరమ్మను అడిగాను. చూడని మనిషి గురించి చెప్పలేనంది. చూసిన నేనూ చెప్పలేకపోతున్నాను.

నా కంచం

రేణుక ఆస్పత్రి నుంచి హాస్టలుకు వచ్చింది, తల్లికి ఇంటి దగ్గర చిన్నపిల్లలు, ఆవిడ వచ్చి దగ్గర ఉండే వీలు లేదు. ప్రతి పూటా ఎవరైనా పెద్దవాళ్ళు పక్కన కూర్చుని తనతో పాటు తినాలని డాక్టరమ్మ చెప్పింది. తిట్టకూడదు, బతిమాలకూడదు, లావు సన్నం అనే మాటే ఎత్తకూడదు, బడి సంగతులో సినిమా సంగతులో మాట్లాడాలి. ఆ పెద్దమనిషి నేనే అయ్యాను.

నేను అంతవరకు పిల్లల ముందు తిని ఎరగను. నా గదిలో తలుపు వేసుకుని, ముత్తాత పేరు అంచున చెక్కిన వెండి కంచంలో తినేదాన్ని. ఇంటి నుంచి నాతో వచ్చింది అదొక్కటే. ఆ వారం నుంచి స్టీలు కంచం పట్టుకుని భోజనాల గదిలో రేణుక పక్కన నేల మీద కూర్చున్నాను.

మొదటి వారం ఘోరం. ఒక ఇడ్లీకి గంట. ఏడుపు. ఒకసారి కంచం విసిరేసింది. సుంకమ్మ ఏమీ అనకుండా మళ్ళీ ఇంకో కంచం పెట్టింది.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం పప్పన్నం తింటున్నాం. రేణుక కంచంలో సగం ఉంది. నేను అయిపోయిందని కంచం పక్కకు జరిపాను.

"మేడం, ఒకటి అడుగుతా. తిట్టొద్దు."

"అడుగు."

"మీరు దినాము ఎందుకు మిగిలిస్తారు?"

కంచం వైపు చూసుకున్నాను. ఒక ముద్ద. నాకు తెలియకుండానే.

"అది మా ఇంటి మర్యాద" అన్నాను.

"నేను మిగిలిస్తే జబ్బు, మీరు మిగిలిస్తే మర్యాదనా?"

గుమ్మంలో సుంకమ్మ పక్కున నవ్వింది. "అట్ల అడుగు పాపా! ముప్పై ఏండ్లాయె, నా వంటను ఒగదినమన్నా పూర్తిగా తిన్యాదేమో అడుగు!"

"నువ్వు ఊరుకో సుంకమ్మా."

"ఊరుకుంటాలే. ముద్ద మాత్రం సల్లారిపోతాంది."

రేణుక నా వైపే చూస్తోంది. కళ్ళు ఆ మొహంలో చాలా పెద్దవిగా ఉన్నాయి. వేళాకోళం లేదు వాటిలో. నేను ఏం చేస్తానా అని మాత్రమే చూస్తోంది. కంచం దగ్గరికి లాక్కుని ఆ ముద్ద కలిపాను. పప్పన్నమే, ఇప్పటిదాకా తిన్నదే. నోట్లో పెట్టుకున్నాను. అర్ధశతాబ్దం నా నోటిలోకి పోని ముద్ద అది. ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టు, ఏదో దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది. మింగడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు, నీళ్ళు కూడా తాగాల్సి వచ్చింది.

"మీకు గూడా కష్టమే" అంది రేణుక, మెల్లగా.

"కష్టమే" అన్నాను.

ఆమె ఇంకో ముద్ద కలుపుకుంది. తర్వాత ఇంకోటి. మూడోది కలిపి వదిలేసింది. మరుసటి రోజు మళ్ళీ ఏడుపే. ఆ ముద్దతో అద్భుతం జరిగిందని ఎవరూ అనుకోవద్దు. కోలుకోవడానికి రెండేళ్ళకు పైగా పట్టింది, మధ్యలో ఒకసారి మళ్ళీ ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. పరీక్షలు ఒక ఏడాది వెనకపడ్డాయి. కానీ తనకు భయమైనప్పుడు నాకు చెప్పడం ఆ రోజు నుంచే మొదలుపెట్టింది. అంతకు ముందు నేను మెచ్చుకునేదాన్ని కాబట్టి నాకు చెప్పడానికి వీల్లేకపోయింది.

ఈరమ్మను గదిలోకి పిలిచి క్షమాపణ చెప్పుకుంటే సరిపోదు. పెట్టె తెరిచింది అందరి ముందు. ప్రార్థన దగ్గర అందరి ముందే, తప్పు నాదని చెప్పాను. నాలుగు వాక్యాలు, రాత్రంతా కూర్చుని కూర్చుకున్నవి. ఈరమ్మ విని, "సరే మేడం. పెట్టె తాళంచెవి మీ కాడే ఉండిపాయె, ఇయ్యండి" అంది. ఇచ్చాను.

కొత్తగా చేరేవాళ్ళకు

మీరు డాక్టర్లు కారు. నేనూ కాదు. జబ్బుకు పేరు పెట్టే పని మనది కాదు, డాక్టరు దాకా తీసుకుపోయే పని మనది. ఆ పనిలో నేను ఆరు నెలలు ఆలస్యం చేశాను.

ఎంత తిన్నదనే లెక్క కంటే, తిండి ఆ పిల్లను ఎంత పట్టుకుందో చూడండి. ఒక నియమం తప్పితే నవ్వుకుంటుందా, హడలిపోతుందా? ఇష్టమైనది ఏమైనా మిగిలి ఉందా? నలుగురితో కలిసి తినకుండా ఉండే సాకులు పెరుగుతున్నాయా? చలి, నీరసం, ఊడే జుట్టు, ఆగిపోయిన నెలసరి, వీటిలో ఏది కనిపించినా సిగ్గు గల పిల్ల, చదువుల పిల్ల అని సరిపెట్టుకోకండి. దొంగచాటుగా ఎక్కువ తిని ఏడ్చే పిల్లలూ ఉంటారు, తిన్నది కక్కేసే పిల్లలూ ఉంటారు. వాళ్ళను తిండిపోతులని నవ్వకండి. ఒళ్ళు చూసి తేల్చకండి. లావుగా ఉన్న పిల్లలోనూ ఇది ఉండవచ్చని డాక్టరమ్మ చెప్పింది, నేను నమ్మడానికి చాలా రోజులు పట్టింది.

వంటమనిషి మాట వినండి. ఇది నాకు అన్నిటికంటే ఆలస్యంగా తెలిసింది.

ఏ పిల్లనూ తినడం గురించి మెచ్చుకోకండి, తినకపోవడం గురించి అసలే వద్దు. తినే తీరులో కులం, ఇల్లు, గుణం వెతకకండి. ఇంత గట్టిగా చెబుతున్నాను గానీ, ఒక్కపొద్దు ఉండే ప్రతి పిల్లనూ అనుమానించమని మాత్రం చెప్పలేను. గీత ఎక్కడ పడుతుందో కొన్నిసార్లు నాకు కనిపిస్తుంది, కొన్నిసార్లు జేజి మొహం, అమ్మ మొహం అడ్డొచ్చి కనిపించదు.

నేను రిటైరయ్యాక పోయిన ఏడాది రేణుక మా ఇంటికి వచ్చింది. నంద్యాలలో మందుల అంగడిలో పని చేస్తోంది. బుగ్గలు వచ్చాయి. వెండి కంచం తీసి అందులో వడ్డించాను, మా ఇంట్లో ముఖ్యమైన అతిథికి అందులోనే పెట్టేవాళ్ళం. నేను స్టీలు కంచంలో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. మాట్లాడుతూ తిన్నాం. లేవబోతూ చూశాను. ఆమె కంచంలో పప్పన్నం మిగిలి ఉంది. ఒక ముద్ద కాదు, మూడు నాలుగు.

 ఏమీ అడగకూడదని తెలిసీ అడిగేశాను.

"ఏమ్మా, మిగిల్చినావు?"

 నా మొహం చూసింది. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది.

"చెప్తే నొచ్చుకుంటారు మేడం."

"చెప్పు."

"ఉప్పెక్కువయింది మేడం. మీరెట్ల తిన్యారో ఏమో!"

నా కంచం ఊడ్చినట్టు ఖాళీగా ఉంది. ఆమె కంచంలో మిగిలింది రుచి చూశాను. నిజంగానే ఉప్పు ఎక్కువే. నాకు తెలియలేదు. "అరటిపండ్లుండాయా? ఆకలి తీరలే" అని అడిగి, రెండు తిని, బస్సుకు టైమైందని గబగబా పోయింది.

ఆమె పోయాక ఆ రెండు కంచాలూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. అన్నం మిగిలిన కంచం ఆరోగ్యవంతురాలిది. ఉప్పు కూడా తెలియకుండా ఊడ్చి తిన్న కంచం నాది.  లేచి రెండూ కడిగాను.

గంగాళాలు మా నాయన ఉండగానే పోయాయి. ఇల్లు అమ్మ పోయాక పోయింది. వెండి కంచం, రేణుక వచ్చిపోయిన మరుసటి నెలలో నంద్యాలలో నేనే అమ్మాను.